లేచిపోవడానికో పద్ధతి

మా ఊరు అవొలాలో లేచిపోవడానికి కూడా ఒక పద్ధతి ఉండేది. పిల్లా పిల్లాడూ పొద్దున్నే ఊరు దాటాలి. చేతిలో మూట ఉండకూడదు, ఉంటే చూసినవాళ్లు ఆపుతారు. పొద్దుగూకే లోపల పిల్ల తిరిగొచ్చేస్తే అది షికారు కింద లెక్క, నాలుగు తిట్లతో పోతుంది. ఒక్క రాత్రి బయట గడిచిందా, ఇక అది పెళ్లే. ఆ రాత్రి ఏం జరిగిందో, అసలు జరిగిందో లేదో ఎవరూ అడగరు. పిల్ల తండ్రి తుపాకీ పట్టుకుని గుమ్మంలో కూర్చోవాలి. తల్లి వీధిలో పడి ఏడవాలి. వారం తిరక్కుండా ఫాదర్ తెల్లవారుజామున చర్చి వెనక గదిలో, పూలూ పాటలూ విందూ లేకుండా, ఇద్దరికీ పెళ్లి చేసి పంపేయాలి.

ఇదంతా నాకు తెలుసు. తెలిసే వెళ్లాను. అరవై ఒకటో సంవత్సరం ఆగస్టు నెల, బాదం కోతలకు ముందు. అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు.

ఆ ఏడు ఫిబ్రవరిలో చెట్లన్నీ విరగబూసి ఉన్నప్పుడు ఒక రాత్రి మంచు కురిసి పూత చాలావరకు మాడిపోయింది. మా నాన్న, ఆయన పేరు తూరి, పొద్దున్నే తోటలోకెళ్లి, నల్లబడిన పూలను గుప్పిట్లో నలుపుకుంటూ ఇంటికొచ్చాడు. ఈస్టర్ పండక్కి యానో వాళ్ల నాన్న మా ఇంటికొచ్చి కొడుక్కి నన్ను అడిగాడు. యానో అంటే సెబాస్తియానో, బాదం బస్తాలు తోలే లారీ మీద పనిచేసేవాడు. మా నాన్న కుర్చీలోంచి లేచి, వీధి చివరిదాకా వినబడేలా, "లారీ మీద బస్తాలు ఎక్కించేవాడికి నా కూతుర్నివ్వాలా? ఇంకోసారి ఈ గడప తొక్కితే కాళ్లు విరగ్గొడతా" అని అరిచాడు. అప్పటిదాకా యానో అంటే నాకు కాస్త ఇష్టం, అంతే. ఆ అరుపు విన్న రోజు నుంచి నిద్ర పట్టడం మానేసింది. వద్దన్నదాని మీదికే మనసు పోవడం పిల్లిలో ఉంది, పిల్లలోనూ ఉంది.

కుళాయి దగ్గర నేను బిందె నింపుతుంటే యానో వచ్చి, నా వైపు చూడకుండా లారీ రేడియేటర్లో నీళ్లు పోస్తున్నట్టు నటిస్తూ, "దీనా, ఆదివారం పొద్దున్న బండికి. స్టేషన్ వెనకవైపు నుంచి రా" అన్నాడు.

"ఎక్కడికి?"

"సిరాక్యూజా. ఒర్తీజా దీవిలో మా మెలీనా అత్త ఉంది. నోరు విప్పదు."

సరేనన్నాను. నా బతుకులో నా అంతట నేను అనుకుని చేసిన మొదటి పని అది. అంతకుముందు అన్నీ ఇంట్లో అనుకున్నవే. బడి ఎప్పుడు మానాలో, గౌను ఏ రంగుది కుట్టించాలో, ఎవరింటికి వెళ్లొచ్చో, ఎవరింటికి వెళ్లకూడదో. ఇల్లు దాటాలన్న ఆలోచన మాత్రం నాది. ఆ వారమంతా ఆ మాటే లోపల్లోపల అనుకుంటూ గిన్నెలు తోమాను.

ఆదివారం పొద్దున్న అమ్మ నా జుట్టు తనే దువ్వింది.

"చర్చికేగా వెళ్తున్నది, ఈ సింగారం ఎందుకే అమ్మా?"

"నలుగురూ చూస్తారు. కదలకు."

దువ్వడం అయిపోయాక నా భుజాల మీద రెండు చేతులూ వేసి కాసేపు అలాగే నిలబడింది. మోసం చేసి పోతున్నానే అని నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అద్దంలో అమ్మ కళ్లు కూడా తడిగానే కనబడ్డాయి. నా ఏడుపు చూసేనని అనుకున్నాను.

సిరాక్యూజా మా ఊరికి రైల్లో గంట కూడా పట్టదు. అయినా నేను అంతవరకూ చూడలేదు. మా ఇంట్లో ఆడవాళ్లకు తోట, చర్చి, చచ్చినవాళ్ల వెంట శ్మశానం. అంతకుమించి ఊళ్లు తిరిగే అలవాటు లేదు. స్టేషన్లో దిగి, పొడుగాటి వీధి నడిచి, వంతెన దాటి దీవిలో అడుగుపెట్టేసరికి యానో నా చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి కూడా కాదు, మణికట్టు. మేకను సంతకు తోలుకెళ్లేవాడు తాడు పట్టుకున్నట్టు.

"వదులు. నేనేం పారిపోను."

"పారిపోయేగా వచ్చింది," అని నవ్వాడు. వాడి ముందు పన్ను ఒకటి కాస్త విరిగి ఉండేది. నవ్వితే ఆ సందు కనబడేది. నేను పడిందే ఆ నవ్వుకి, దాచడమెందుకు.

చేపల బజారులో కత్తిచేప తలలు ముక్కులు పైకెత్తి నిలబెట్టారు. అమ్మేవాళ్లు పోట్లాడుకుంటున్నట్టు అరుస్తున్నారు. యానో నాగజెముడు పళ్లు కొని, ముళ్లు తీయించి, ఒక్కొక్కటే నా నోటికి అందించాడు. ఎవరూ నన్ను "తూరి కూతురు" అనలేదు. తలమీద గుడ్డ జారిపోతే సర్దుకోలేదు కూడా. ఆ గంట మాత్రం గాల్లో నడిచాను.

"ఈ ఊరు నా అరచేతిలో ఉంది. నా వెనకాలే రా," అన్నాడు యానో.

అరచేతిలోంచి ఊరు ఎప్పుడో జారిపోయింది. ఒక సందులో దూరి, ఇంకో సందులోంచి బయటపడి, మళ్లీ అదే గుమ్మం ముందుకొచ్చాం. అక్కడ ఒక ముసలమ్మ చిక్కుడుకాయలు ఒలుచుకుంటోంది. మూడోసారి మమ్మల్ని చూసి, "ఏం నాయనా, మా సందు కొందామని వచ్చారా? ఇన్నిసార్లు చూసిపోతున్నారు," అంది. నాకు నవ్వాగలేదు. యానోకి మాత్రం మొహం ఎర్రబడింది. అసలు వాడు పొద్దుటి నుంచీ ఒక రకంగా ఉన్నాడు. నిలబడనివ్వడు, కూర్చోనివ్వడు. మాటిమాటికీ సూర్యుడి వైపు చూస్తాడు.

చర్చి చూశాం. ఎప్పటివో పాత గుడి స్తంభాల మధ్య గోడలు కట్టి చర్చి చేశారు. లావుపాటి స్తంభాలు గోడలోంచి సగం బయటికి, సగం లోపలికి ఇరుక్కుపోయి ఉన్నాయి. ఒకదాని మీద చెయ్యి వేసి నిలబడ్డాను. చల్లగా ఉంది. కాసేపు కూర్చుందామంటే యానో, "ఇంకా చూడాల్సింది చాలా ఉంది," అని లాక్కుపోయాడు. చూడాల్సిందేమిటంటే సముద్రం. ఏ సందులో దూరినా చివర సముద్రమే. మొదట రెండుసార్లు ముచ్చటేసింది. తర్వాత తర్వాత, ఈ సందైనా ఎక్కడికో పోతే బాగుండును అనిపించింది. దీవి కొన దాకా పోదామంటే అక్కడ కోట. గేటు దగ్గర సిపాయి తుపాకీ అడ్డంపెట్టి, "ఇంతే. వెనక్కి వెళ్లండి," అన్నాడు.

నా ఆదివారం బూట్లు కరవడం మొదలుపెట్టాయి. సముద్రపు గట్టు పక్కన రాళ్లలోంచి మంచినీళ్ల ఊట ఊరుతుంది అక్కడ, బాతులు తిరుగుతుంటాయి. దాని గోడ మీద కూలబడ్డాను.

"దీనికో కథ ఉంది," అన్నాడు యానో. "ఎవరో పిల్లట, వెంటపడ్డవాణ్ని తప్పించుకుని సముద్రం దాటి పారిపోయొచ్చి ఇక్కడ ఊటైపోయిందట."

"మరి వాడు?"

"వాడు నదై, సముద్రం అడుగునుంచి వచ్చి కలిసిపోయాడట."

"అయితే తప్పించుకున్నట్టెలా?"

"నాకేం తెలుసు. మా మాస్టారు అక్కడిదాకే చెప్పాడు."

అప్పుడే గట్టు మీదుగా మా వీధి మంగలి బావమరిది, సాంతో అనే ఆయన, వస్తూ కనబడ్డాడు. యానో వెనక దాక్కోబోయాను. వాడు పక్కకు జరిగి, "సాంతో బాబాయ్, బాగున్నావా," అని ఊరంతా వినేలా పలకరించాడు. సాంతో నన్ను చూశాడు, వాడి చేతిలో నా చేతిని చూశాడు, "మీ నాన్న కులాసానా అమ్మా," అని గొణిగి గబగబా స్టేషన్ దారి పట్టాడు.

"పిచ్చా నీకు? ఊళ్లో దిగగానే చాటింపేస్తాడు."

"వేయనీ. దొంగతనం చేశామా?"

ఎంత గుండె ధైర్యమో అని మురిసిపోయాను.

మెలీనా అత్త ఇల్లు సముద్రపు గోడకు ఆనుకున్న సందులో, మూడో అంతస్తు. మేం మెట్లెక్కేసరికి ఎండ వాలుతోంది. అత్త లావుపాటి మనిషి, యానో తండ్రికి అక్క. నన్ను గట్టిగా కావలించుకుని, కుర్చీలో కూర్చోబెట్టి, బేసిన్లో నీళ్లు తెచ్చి, "బూట్లు విప్పమ్మాయ్. ఈ గాడిద నిన్ను ఊరంతా ఈడ్చాడా? కాళ్లు చూడు, ఎలా బొబ్బలెక్కాయో," అంది. నీళ్లలో కాళ్లు పెడితే ప్రాణం లేచొచ్చింది. తుడుచుకోవడానికి గుడ్డ ఇచ్చి, అత్త మంచం కిందికి వంగి ఒక జత చెప్పులు తీసి నా ముందు పెట్టింది.

ఇంట్లో వేసుకునే బూడిదరంగు గుడ్డ చెప్పులు. ఎడమదానికి బొటనవేలి దగ్గర ఎర్ర మాసిక. ఆ మాసిక వేసింది నేనే, మా నాన్న పాత చొక్కా ముక్కతో. గురువారం నుంచి కనబడక ఇల్లంతా వెతికాను. కుక్క ఎత్తుకుపోయుంటుందని అమ్మ చెబితే, నమ్మి, దాని మీదికి రాయి కూడా విసిరాను పాపం.

"ఇవి ఇక్కడికెలా వచ్చాయి అత్తా?"

"మీ అమ్మ పంపిందిగా. నేల చల్లగా ఉంటుంది, దానికి ఊరికే జలుబు చేస్తుంది అని..." అంటూనే అత్త గుమ్మంలో నిలబడ్డ యానో మొహం చూసి ఆగిపోయింది. "అయ్యో, ఈ పిల్లకు చెప్పలేదట్రా?"

యానో టోపీ తీసి చేతిలో నలుపుతున్నాడు.

నేను చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నాను. హాయిగా ఉంది. ఆ హాయికే నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎప్పట్నుంచి?"

"ఈస్టర్ నుంచి," అన్నాడు.

"కాళ్లు విరగ్గొడతానన్నాడుగా మా నాన్న."

"అదీ అనుకున్నదే. ముందురోజే మా నాన్నా మీ నాన్నా మాట్లాడుకున్నారు."

"సాంతో?"

"అతను ఆదివారాలు ఆ గట్టు మీద చేపలు పడతాడు. ఎవరో ఒకరు చూడాలిగా, దీనా. చూడకపోతే ఊరు ఎలా నమ్ముతుంది?"

అత్త వంటగదిలోకి తప్పుకుంది. కిటికీలోంచి సముద్రం కనబడుతోంది. ఇంత పెద్ద సముద్రం పక్కన పెట్టుకుని నాకు ఊపిరాడలేదు.

"అయితే ఇప్పుడేమైంది?" అన్నాడు యానో, బతిమాలుతున్నట్టు. "నీకు నేను ఇష్టమే. నాకు నువ్వు ఇష్టమే. పెద్దవాళ్లకూ ఇష్టమే. నిన్నెవరైనా మోసుకొచ్చారా? నీ కాళ్లతో నువ్వే వచ్చావు."

నిజమే. బలవంతంగా ఎత్తుకొచ్చి ఉంటే అరిచేదాన్ని, గోళ్లతో రక్కేదాన్ని. నా ఇష్టాన్నే వండి, నా కంచంలో పెట్టి, నేనే వండుకున్నాననిపించినవాళ్లను ఏమని తిట్టాలి? నాకు అవమానంగా ఉంది. ఎంత అవమానమంటే, వీధిలో గుడ్డల్లేకుండా నిలబెట్టినట్టుంది.

"నేను పోతున్నా," అన్నాను. "సాయంత్రం బండి ఉంది. ఇంకా పొద్దుగూకలేదు."

బూట్లు కాళ్లకు పట్టలేదు. వాటిని చేతిలో పట్టుకుని, ఆ ఇంటి చెప్పులతోనే మెట్లు దిగాను. యానో వంతెన దాకా వెనకే వచ్చాడు. ఈసారి మణికట్టు పట్టుకోలేదు.

"చెప్పొద్దన్నారు, దీనా."

"నన్నొక మాట అడగొద్దని కూడా అన్నారా?"

వంతెన మీద ఆగిపోయాడు. నేను వెనక్కి చూడలేదు.

అవొలాలో దిగేసరికి ఇళ్ల మీద ఎర్రటి ఎండ ఇంకా ఉంది. నా దారిన నేను ఇంటికి పోతాను, నాలుగు తిట్లు తింటాను, అంతా మామూలైపోతుంది అనుకున్నాను. మా వీధి మలుపు దగ్గరే ఏడుపు వినబడింది. మా అమ్మ వెనెరా గుమ్మం ముందు నేల మీద కూర్చుని, జుట్టు విరబోసుకుని, గుండెలు బాదుకుంటోంది. "నా తల్లిని ఎత్తుకుపోయాడే, నా ఇంటి దీపాన్ని ఆర్పేశాడే." చుట్టూ వీధిలోని ఆడవాళ్లంతా కుర్చీలు తెచ్చుకుని మరీ కూర్చున్నారు. మా నాన్న తుపాకీ ఒళ్లో పెట్టుకుని గడప మీద ఉన్నాడు. ఆ తుపాకీలో యుద్ధం అయిపోయినప్పటి నుంచి గుండ్లు లేవని వీధిలో అందరికీ తెలుసు.

నన్ను మొదట చూసింది ఎదురింటావిడ చిచ్చా. నోరున్న మనిషి.

"ఇదిగో వచ్చిందిగా నీ కూతురు, చెప్పులేసుకుని. ఇంకెందుకే వెనెరా, లే."

అమ్మ తలెత్తింది. నన్ను చూసింది, నా కాళ్ల వైపు చూసింది. గొంతు ఆగిపోయింది. అప్పుడు నిజంగా ఏడవడం మొదలుపెట్టింది. చప్పుడు లేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. కుర్చీల్లోవాళ్లకు ఆ తేడా తెలిసిపోయింది. ఒక్కొక్కరే కుర్చీ ఎత్తుకుని వెళ్లిపోయారు.

లోపలికి రాగానే నాన్న తలుపు గడియ వేశాడు.

"ఎందుకొచ్చావే?"

"నా ఇల్లు కాబట్టి."

"నీకు తెలుసా ఈ ఏడు బాదం సంగతి? విందుకు డబ్బెక్కడిది? ఊరు ఊరంతా నాకు పెళ్లిళ్లలో భోజనం పెట్టింది. పిలవకుండా నీ పెళ్లి చేస్తే మొహం ఎక్కడ పెట్టుకోను? లేచిపోయిందంటే అడిగేవాడుండడు."

"నాకు చెప్పొచ్చుగా నాన్నా."

"చెబితే లేచిపోవడం ఎలా అవుతుందే?" అన్నాడు. తమాషాకి అనలేదు. ఆయనకు నిజంగానే నా ప్రశ్న అర్థం కాలేదు.

అమ్మ గౌను అంచుతో మొహం తుడుచుకుంటూ, "నీకు ఇష్టం లేనివాడికి ఇచ్చామా తల్లీ? నువ్వు కుళాయి దగ్గర వాణ్ని ఎలా చూసేదానివో నేను చూడలేదా? నీ మనసు తెలుసుకునేగా చేశాం," అంది.

అందరూ నా మంచికే చేశారు. అదీ నా ఖర్మ.

ఆ కోతల కాలం ఎలా గడిచిందో నాకే తెలియాలి. రాత్రి బయట గడపలేదు కాబట్టి పెళ్లి కాలేదు. సాంతో చూశాడు కాబట్టి పెళ్లి కానిదాన్నీ కాదు. కుళాయి దగ్గరికి వెళ్తే మాటలు ఆగిపోయేవి. చర్చిలో నా బెంచీ మీద నేనొక్కదాన్నే. నాన్న నాతో మాట్లాడటం మానేసి, ఏదైనా కావాలంటే అమ్మతో, "దాన్ని నీళ్లు తెమ్మను," అనేవాడు, నేను ఎదురుగానే ఉన్నా. పొద్దున్నే తోటకు, చీకటి పడ్డాక ఇంటికి. మగవాళ్లు వెదురు గడలతో కొమ్మల్ని కొడితే రాలిన కాయలు ఏరడం, తొక్క ఒలవడం, ఎండలో పోయడం. రాలినవే తక్కువ. ఒలిచేవాళ్ల మాటలు మాత్రం ఎక్కువ. యానో పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నేను మాత్రం లారీ చప్పుడు వినబడితే తల ఎత్తేదాన్ని. ఎత్తి, నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

సెప్టెంబరు చివర్లో, ఆఖరి చెట్లు రాలుస్తున్న రోజు, వాడు తోటలోకి వచ్చాడు. లారీ లేదు, నడిచే వచ్చాడు. కాళ్లనిండా దుమ్ము. ఆడవాళ్లమంతా కాయల కుప్ప చుట్టూ కూర్చుని ఒలుస్తున్నాం. వాడు టోపీ తీసి, నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"దీనా, నన్ను చేసుకుంటావా? ఇదిగో, అందరి ముందూ అడుగుతున్నా. ఇష్టం లేకపోతే లేదని చెప్పు, మళ్లీ నీ దారికి అడ్డం రాను."

"నిన్నెవరు పంపారు?"

"ఎవరూ పంపలేదు. మా అమ్మ మీద ఒట్టు."

వాడి మొహంలోకి చూశాను. చిక్కిపోయాడు. అబద్ధం చెబుతున్నట్టు లేదు. వాడి మీద ఇష్టం నాకు పోలేదు, ఒక్క రోజు కూడా పోలేదు. సరే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. ఇది చాలు, నన్నడిగాడు, నాకింకేం కావాలి అనుకున్నాను.

అప్పుడు చుట్టూ చూశాను. ఒలుస్తున్న చేతులన్నీ ఆగిపోయాయి. ప్రతి తలా మా వైపే తిరిగి ఉంది. చిచ్చా అయితే నోరు తెరిచేసింది. మా అమ్మ ఒక్కతే తల ఎత్తలేదు. వాడు వస్తాడని ముందే తెలిసినట్టు, వంచిన తల వంచినట్టే ఉంచి, కాయ తర్వాత కాయ ఒలుస్తూ కూర్చుంది.

"చేసుకోను," అన్నాను.

అప్పుడు ఆగాయి అమ్మ చేతులు.